ఒక్క సిస్టమ్ సిద్ధమైతే అరవై సిద్ధమైనట్టేనా?

వరంగల్, హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలల్లో వేసవి సెలవులు విద్యార్థులకే కానీ కంప్యూటర్ ల్యాబ్‌లకు కావు. పరీక్షలు ముగిసి కొత్త తరగతులు మొదలయ్యేలోపు సిస్టమ్‌లన్నీ చెరిపి మళ్లీ సిద్ధం చేయాలి. హైదరాబాద్ జేఎన్‌టీయూ నిబంధనలు ఆర్18 నుంచి ఆర్22కు మారినప్పుడు అనుబంధ కళాశాలల ల్యాబ్ పాఠ్యాంశాలు మారాయి, సిస్టమ్‌లలో ఉండాల్సిన సాఫ్ట్‌వేర్ల జాబితా కూడా మారింది. అరవై సిస్టమ్‌లను ఒక్కొక్కటిగా చేసుకుంటూ పోతే ఎంత పనో లెక్క వేయడం కష్టం కాదు. విండోస్ వేయడానికి అరగంట, డ్రైవర్లకూ (హార్డ్‌వేర్‌ను విండోస్‌కు పరిచయం చేసే ప్రోగ్రాంలకూ) అప్‌డేట్లకూ గంట, ఆపైన సి కంపైలర్, పైథాన్, జావా, డేటాబేస్, ఆఫీస్, పీడీఎఫ్ రీడర్. మొత్తం మూడు గంటలు అనుకుంటే అరవైకి నూట ఎనభై గంటలు. ఒకేసారి ఐదేసి సిస్టమ్‌ల ముందు అటూ ఇటూ తిరుగుతూ చేసినా వారం పని. అందులో సగం సమయం ‘నెక్స్ట్’ నొక్కడానికే పోతుంది.

ఈ వారం పనిని ఒక పూటకు తెచ్చే దారులు రెండున్నాయి. బాగా సిద్ధం చేసిన ఒక సిస్టమ్ డిస్కును ఉన్నదున్నట్టు ఒక ఫైలుగా తీసి, మిగతా వాటిలోకి దించడం మొదటిది. ల్యాబ్ భాషలో ఇమేజ్ తీయడం, ఇమేజ్ దించడం. ఇన్‌స్టాలేషన్ అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే రాసిపెట్టి, మనిషి పక్కన లేకుండా దాని పని అది చేసుకుపోయేలా చూడడం రెండోది. ఇమేజ్ కళ్ల ముందు ఫలితం చూపిస్తుంది కాబట్టి చాలామంది దానితోనే ఆగిపోతారు. నిజానికి జాగ్రత్తగా దాచుకోవాల్సింది ఆ ఇమేజ్ ఎలా తయారైందో చెప్పే రాతను. ఇమేజ్ తీసిన మర్నాటి నుంచే పాతబడడం మొదలవుతుంది. తయారీ క్రమం రాసి ఉంటే కొత్త ఇమేజ్‌ను ఎప్పుడైనా పుట్టించవచ్చు. అది లేకపోతే, రెండేళ్ల కిందట మానేసిన ల్యాబ్ సహాయకుడు చేసిన ఇమేజ్‌ను, అందులో ఏముందో తెలియకపోయినా, మార్చే ధైర్యం లేక అలాగే మోసుకుంటూ పోవాలి.

డీవీడీలోనే ఉన్న ఇమేజ్

ఇమేజ్‌లు ప్రధానంగా రెండు రకాలు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే సగం ఇబ్బందులు వస్తాయి. మొదటి రకం డిస్కు మీది గడులను వరుసగా చదివి రాసుకుంటుంది. దీన్ని జనంలోకి తెచ్చింది ఘోస్ట్. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో మర్రీ హాస్జార్డ్ 1990ల మధ్యలో తయారుచేసిన ఆ ప్రోగ్రాంను 1998లో సిమాంటెక్ కొన్నది. విండోస్ 98, ఎక్స్‌పీ రోజుల్లో పని నేర్చుకున్న సాంకేతికులకు ఇమేజ్ అంటే ఇప్పటికీ ఘోస్టే. నేడు ఆ స్థానంలో ఉచితంగా దొరికేది క్లోన్‌జిల్లా. తైవాన్ జాతీయ హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్ కేంద్రంలో పుట్టిన ఈ సాధనం డిస్కులో నిజంగా డేటా ఉన్న గడులనే చదువుతుంది. 500 జీబీ డిస్కులో 40 జీబీయే నిండి ఉంటే ఆ నలభై మాత్రమే తీసుకుని, దాన్నీ కుదించి దాస్తుంది. విండోస్, లినక్స్ అన్న తేడా దానికి పెద్దగా పట్టదు. అయితే మూల డిస్కు కంటే చిన్న డిస్కులోకి దించమంటే మామూలుగా ఒప్పుకోదు. పాత 500 జీబీ హార్డ్ డిస్కు నుంచి తీసిన ఇమేజ్‌ను కొత్తగా కొన్న 256 జీబీ ఎస్‌ఎస్‌డీలోకి దించబోయి చాలా ల్యాబ్‌లు ఇక్కడే ఆగిపోతాయి. లోపల ఉన్న డేటా నలభై జీబీయే కదా అని వాదించినా లాభం ఉండదు. ముందు మూల డిస్కులోని పార్టిషన్‌ను, అంటే డిస్కులో గీసిన భాగాన్ని, కుదించి, అప్పుడు ఇమేజ్ తీయాలి.

రెండో రకం గడులను పట్టించుకోదు, ఫైళ్లను చూస్తుంది. మైక్రోసాఫ్ట్ వాడే విమ్ ఇమేజ్ ఈ కోవలోది. ఒకే ఫైలు పదిచోట్ల ఉంటే ఒక్కసారే దాచుకుని, మిగతా చోట్ల గుర్తు మాత్రం పెట్టుకుంటుంది. అందుకే ఒకే పెన్‌డ్రైవ్‌లో విండోస్ హోమ్, ప్రో, ఎడ్యుకేషన్ ఎడిషన్లన్నీ ఇమిడిపోతాయి. 2007లో మార్కెట్లోకి వచ్చిన విస్టా నుంచి విండోస్ ఇన్‌స్టాలేషన్ జరిగేది ఈ పద్ధతిలోనే. ఎక్స్‌పీ సీడీ ఫైళ్లను ఒక్కొక్కటిగా నకలు చేసి, నీలి తెర మీద నలభై నిమిషాలు కూర్చోబెట్టేది. విస్టా తర్వాతి విండోస్‌లు ముందే సిద్ధమైన ఇమేజ్‌ను డిస్కు మీద పరుస్తాయి. అంటే, విండోస్ 10 గానీ 11 గానీ వేసినవారందరూ తమకు తెలియకుండానే ఇమేజ్ దించినవారే. ఇది తెలిశాక మనసులో ఒక ప్రశ్న రావాలి: మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఇమేజ్ బాగానే ఉన్నప్పుడు మనం మరొకటి తయారు చేయాల్సిన అవసరం ఎంత? చాలా సందర్భాల్లో, అంత లేదు.

పెన్‌డ్రైవ్ దగ్గరే తగిలే ఒక చిన్న చిక్కును ఇక్కడే చెప్పుకోవాలి. యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన, సిస్టమ్‌ను లేపే ప్రోగ్రాం) ఉన్న సిస్టమ్‌లు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కావడానికి అది ఫ్యాట్32 అనే ఫైళ్ల అమరికలో ఉంటే ఇబ్బంది ఉండదు. కానీ ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు, ఇప్పటి విండోస్ విమ్ ఫైలేమో ఆ హద్దు దాటుతోంది. సొంత సాఫ్ట్‌వేర్లు కలిపిన ఇమేజ్ అయితే ఇక చెప్పనక్కర్లేదు. నకలు చేస్తుంటే చివర్లో ‘ఫైలు చాలా పెద్దది’ అని వస్తుంది. పెన్‌డ్రైవ్ పాడైందనుకుని మరొకటి కొనేవాళ్లున్నారు. విండోస్‌లోనే ఉన్న డిస్మ్ ఆదేశంతో ఆ ఫైలును ముక్కలు చేసి అదే ఫోల్డర్‌లో పెడితే ఇన్‌స్టాలర్ వాటిని వరుసగా కలిపి చదువుకుంటుంది. కొత్త పెన్‌డ్రైవ్ అవసరం లేదు.

ప్రశ్నలకు ముందే జవాబులు

జవాబు ఫైలు అంటే పెన్‌డ్రైవ్‌లో, ఏ ఫోల్డర్ లోపలా కాకుండా బయటే ఉంచే ఒక చిన్న టెక్స్ట్ ఫైలు. విండోస్‌లో దాని పేరు ‘ఆటోఅన్‌అటెండ్’, రాసేది ఎక్స్‌ఎంఎల్‌లో. పేరు సరిగ్గా ఉంటే ఇన్‌స్టాలర్ దాన్ని తానే వెతుక్కుంటుంది. భాష ఏది, ఏ ఎడిషన్ వేయాలి, డిస్కును ఎలా విభజించాలి, ఖాతా పేరేమిటి, టైమ్ జోన్ ఏది అన్నవన్నీ అందులో ఉంటాయి. ఇలాంటి ఏర్పాటు లినక్స్‌లోనూ ఎప్పటినుంచో ఉంది. రెడ్ హ్యాట్ దారిలో నడిచే లినక్స్‌లలో కిక్‌స్టార్ట్, డెబియన్‌లో ప్రీసీడ్, ఉబుంటు సర్వర్‌లో 20.04 నుంచి ఆటోఇన్‌స్టాల్. పేర్లు వేరైనా చేసే పని ఒకటే.

ఈ ఫైలులో అత్యంత ప్రమాదకరమైనది డిస్కు చెరిపే వరుస. ‘వైప్ డిస్క్’ అన్నచోట ‘ట్రూ’ అని ఉంటే ఇన్‌స్టాలర్ అనుమతి అడగదు, హెచ్చరించదు. సున్నా సంఖ్య డిస్కును శుభ్రంగా తుడిచి కొత్త పార్టిషన్లు వేసుకుంటుంది. ల్యాబ్‌లో ఇది కోరుకున్నదే. అదే పెన్‌డ్రైవ్‌ను రిపేరుకు వచ్చిన ఎవరి ల్యాప్‌టాప్‌కో పెట్టి బూట్ చేస్తే, డి డ్రైవ్‌లో దాచుకున్న పెళ్లి ఫొటోలు కూడా సి డ్రైవ్‌తో పాటే పోతాయి. చెరిగిన తర్వాత తెలిసి లాభం లేదు. రెండు డిస్కులున్న సిస్టమ్‌లో ఏది సున్నా, ఏది ఒకటి అన్నది మనం అనుకున్నట్టే ఉంటుందన్న నమ్మకమూ లేదు. కాబట్టి దుకాణంలో వాడే జవాబు ఫైలులో డిస్కు విభాగాన్ని ఖాళీగా వదిలేయడమే మంచిది. ఆ ఒక్క ప్రశ్న మనిషినే అడగనివ్వాలి. ల్యాబ్ పెన్‌డ్రైవ్‌కు ఎర్ర రంగు చీటీ అంటించి వేరుగా తాళం వేసి ఉంచుకోవాలి. ఖాతా పాస్‌వర్డ్ కూడా ఈ ఫైలులోనే ఉంటుంది. చూడటానికి గజిబిజి అక్షరాల్లో కనిపించినా అది రహస్య లిపి కాదు, తెలిసినవారు క్షణంలో విప్పేస్తారు.

తెలుగు వాడకానికి జవాబు ఫైలు వల్ల కలిగే మేలు పెద్దది. ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నా, భారతీయ లిపులు సరిగా కనిపించాలంటే ప్రాంతీయ అమరికల్లోకి వెళ్లి ఒక గడిలో టిక్కు పెట్టి, సీడీ పెట్టి, సిస్టమ్‌ను మళ్లీ ఆన్ చేయాల్సి వచ్చేది. అది చేయని సిస్టమ్‌లో ఒత్తులు, గుణింతాలు చెల్లాచెదురుగా కనబడేవి. ఇప్పుడు ఆ బాధ లేదు. కీబోర్డు మాత్రం ఎవరో ఒకరు ఎంచుకోవాల్సిందే. భారతీయ భాషలకు ప్రభుత్వం నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ మొదటినుంచీ ఉంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు టైపు చేసే ఫొనెటిక్ కీబోర్డు 2019 మే నాటి విండోస్ 10 అప్‌డేట్‌తో వచ్చింది. అర్జీలు రాసిపెట్టే నెట్ సెంటర్లకూ పాఠశాలలకూ ఈ రెండింటినీ, భారత కాలమానాన్నీ, రూపాయి గుర్తునూ జవాబు ఫైలులోనే రాసి ఉంచితే ఆ తర్వాత ఒక్కో సిస్టమ్ దగ్గర కూర్చుని వెతుక్కునే పని తప్పుతుంది.

సాఫ్ట్‌వేర్లు వేయడం దీనికి కొనసాగింపు. చాలా ఇన్‌స్టాలర్లు మౌనంగా పని చేసే ఏర్పాటుతోనే వస్తాయి. ఎంఎస్‌ఐ ఫైలుకు ఒక సంకేతం, ఇన్‌స్టాలర్లు తయారు చేసే ఎన్‌ఎస్‌ఐఎస్‌తో కట్టినవాటికి పెద్ద ఎస్ అక్షరం, ఇనో సెటప్‌తో కట్టినవాటికి ‘వెరీ సైలెంట్’ అన్న మాట చేర్చితే చాలు, ఒక్క కిటికీ తెరుచుకోదు. వీటిని వరుసగా ఒక బ్యాచ్ ఫైలులో (ఆదేశాలను ఒకదాని వెంట ఒకటి నడిపే టెక్స్ట్ ఫైలులో) రాసుకుంటే, జవాబు ఫైలు చివర్లో దాన్ని పిలవవచ్చు. విండోస్‌లో ఇప్పుడు వచ్చే వింగెట్ అయితే ఇన్‌స్టాలర్‌ను కూడా తానే నెట్ నుంచి తెచ్చుకుంటుంది. నెట్ వేగం బాగుంటేనే సుమా. అరవై సిస్టమ్‌లు ఒకేసారి అదే సాఫ్ట్‌వేర్‌ను దింపుకోవడం మొదలుపెడితే కళాశాల నెట్ మొత్తం కూలబడుతుంది. ఇన్‌స్టాలర్లను ల్యాబ్ సర్వర్‌లోని ఒక షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టుకోవడం మేలు.

ఎంత చెప్పినా మాట వినని సాఫ్ట్‌వేర్లూ ఉంటాయి. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ కేంద్రాలను చూస్తే ఇది బాగా తెలుస్తుంది. 2001లో వచ్చి, తర్వాత కొత్త వెర్షన్ లేకుండా ఆగిపోయిన పేజ్‌మేకర్ 7 ఇంకా అక్కడ పనిలో ఉంది. దాని పక్కన యూనికోడ్‌కు ముందునాటి అను ఫాంట్లు, వాటి కీబోర్డు ప్రోగ్రాం. కొన్ని, సిస్టమ్‌కు తగిలించే తాళం లాంటి డాంగిల్ పెడితే గానీ తెరుచుకోవు. కొన్ని లైసెన్సులు ఆ సిస్టమ్ హార్డ్‌వేర్‌నే గుర్తుపెట్టుకుంటాయి. ఇలాంటివాటిని అందరికీ దించే ఇమేజ్‌లో కలిపితే ఒక్క సిస్టమ్‌లో పనిచేసి మిగతావాటిలో మొరాయిస్తాయి. ఇవి చివర్లో చేత్తో వేసుకోవాల్సినవే. అయితే అలాంటి ఒకే ఒక్క సిస్టమ్ మీద బతుకుతున్న దుకాణానికి ఇమేజ్ మరో రకంగా ప్రాణాధారం. సీడీ అరిగిపోయి, అమ్మినవారు దుకాణం ఎత్తేసి, మళ్లీ వేసుకునే దారి లేనప్పుడు, పని చేస్తున్న ఆ డిస్కును ఉన్నదున్నట్టు క్లోన్‌జిల్లాతో తీసిపెట్టుకోవడం తప్ప వేరే రక్షణ లేదు.

అరవై సిస్టమ్‌లకు ఒకే గుర్తింపు

సిద్ధమైన విండోస్‌ను అలాగే నకలు తీసి అరవైకి దించితే అన్నీ చక్కగా తెరుచుకుంటాయి. చిక్కు లోపల ఉంటుంది. ప్రతి విండోస్‌కూ ఇన్‌స్టాలేషన్ సమయంలో సిడ్ అనే భద్రతా గుర్తింపు సంఖ్య పుడుతుంది. నకళ్లన్నిటికీ అదే సంఖ్య వస్తుంది. దీన్ని తుడిచి, మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొత్తది పుట్టేలా చేయడానికే విండోస్‌తో పాటు సిస్‌ప్రెప్ వస్తుంది. దాన్ని నడిపి, ‘జనరలైజ్’ గడిలో టిక్కు పెట్టి, సిస్టమ్ ఆగిపోయాక, మళ్లీ ఆన్ చేయకుండానే ఇమేజ్ తీయాలి.

ఈ సిడ్ కథ ఒక మలుపు తిరిగింది. 2009లో మైక్రోసాఫ్ట్‌కే చెందిన మార్క్ రస్సినోవిచ్, సిస్టమ్ సిడ్‌లు ఒకటే అయితే ముప్పు వస్తుందన్నది అపోహే అని వివరంగా రాసి, సిడ్ మార్చడానికి తానే తయారు చేసిన న్యూసిడ్ సాధనాన్ని ఉపసంహరించారు. అయినా సిస్‌ప్రెప్ చేయని నకళ్లకు మైక్రోసాఫ్ట్ మద్దతు ఉండదన్న సంగతిని ఆయన అప్పుడే గుర్తు చేశారు. చాలామంది మొదటి సగం మాత్రమే గుర్తుంచుకున్నారు. పదహారేళ్ల తర్వాత, 2025 ఆగస్టు చివరి నుంచి వచ్చిన అప్‌డేట్లు విండోస్ 11 24హెచ్2, 25హెచ్2, విండోస్ సర్వర్ 2025లలో సిడ్‌ను గట్టిగా తనిఖీ చేయడం మొదలుపెట్టాయి. ఒకే సిడ్ ఉన్న సిస్టమ్‌ల మధ్య లాగిన్లు, షేర్డ్ ఫోల్డర్లు, రిమోట్ డెస్క్‌టాప్ నిలిచిపోయాయి. పాస్‌వర్డ్ సరైనదే, తెర మీద మాత్రం తప్పు అని వస్తుంది. అలాంటి సిస్టమ్‌లకు అసలైన విరుగుడు సరైన పద్ధతిలో విండోస్ మళ్లీ వేయడమేనని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అప్పుడు ఆదా అయిన పూట ఇప్పుడు వడ్డీతో సహా పోయిందన్నమాట.

సిడ్ ఒక్కటే కాదు. సంస్థలకు ఇచ్చే లైసెన్సుల్లో, సంస్థలోని ఒక సర్వర్ ద్వారానే విండోస్‌లను యాక్టివేట్ చేసే కేఎంఎస్ పద్ధతి ఉంది. కనీసం 25 వేర్వేరు సిస్టమ్‌లు వచ్చి పలకరిస్తేనే ఆ సర్వర్ విండోస్‌లను యాక్టివేట్ చేస్తుంది. జనరలైజ్ చేయని నకళ్లన్నీ ఒకే క్లయింట్ గుర్తింపుతో వస్తాయి కాబట్టి అరవై సిస్టమ్‌లు పలకరించినా సర్వర్ లెక్కలో ఒక్కటే పడుతుంది. ల్యాబ్ నిండా సిస్టమ్‌లు ఉన్నా యాక్టివేషన్ ఎందుకు కావడం లేదో అర్థం కాక తల పట్టుకునేది ఇక్కడే. లినక్స్‌లోనూ ఇదే కథ. ఎట్సీ ఫోల్డర్‌లోని మెషిన్ ఐడీ ఫైలు నకళ్లలో ఒకటే ఉంటే, ఉబుంటు సర్వర్ లాంటివాటిలో ఐపీ చిరునామా కోరే డీహెచ్‌సీపీ కూడా ఆ ఐడీ ఆధారంగానే అడుగుతుంది కాబట్టి, రెండు మూడు సిస్టమ్‌లకు ఒకే ఐపీ చిరునామా వచ్చి కూర్చుంటుంది. ఇమేజ్ తీసే ముందు ఆ ఫైలును ఖాళీ చేయాలి. దూరం నుంచి లాగిన్ అయ్యేటప్పుడు సిస్టమ్‌ను గుర్తించే ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలను కూడా తీసేసి, కొత్తవి పుట్టే ఏర్పాటు చేయాలి.

సిస్‌ప్రెప్ తరచూ మొరాయిస్తుంది. విండోస్ స్టోర్ నుంచి ఒక ఖాతాకు మాత్రమే వచ్చిన యాప్ ఉన్నా, డిస్కుకు బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ ఉన్నా ఆగిపోతుంది. కారణాన్ని లాగ్ ఫైలులో ఆ యాప్ పేరుతో సహా రాసి పెడుతుంది, చదివేవారే తక్కువ. మూల సిస్టమ్‌ను నెట్‌కు తగిలించకుండా, వర్చువల్ మెషిన్‌లో (సిస్టమ్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే మరో సిస్టమ్‌లో) తయారు చేసుకుంటే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. సిస్‌ప్రెప్‌కు ముందు స్థితిని స్నాప్‌షాట్‌గా ఉంచుకుంటే, వచ్చే ఏడాది మళ్లీ అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

తీగల లెక్క

ఇమేజ్ వేగాన్ని చివరికి నిర్ణయించేది ల్యాబ్‌లోని నెట్‌వర్క్ తీగలు. 30 జీబీ ఇమేజ్ అనుకుందాం. 100 మెగాబిట్ల నెట్‌వర్క్‌లో సెకనుకు వచ్చేది సుమారు 11 మెగాబైట్లు. ఒక సిస్టమ్‌కు ముప్పావుగంట. సర్వర్ కూడా అదే వేగంలో ఉండి, అరవైకీ విడివిడిగా పంపితే మొత్తం 45 గంటలు. ఇంతకంటే ఐదారు పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని తిరగడమే నయం. గిగాబిట్ నెట్‌వర్క్‌లో సెకనుకు వంద మెగాబైట్లు వస్తే ఒక సిస్టమ్‌కు ఐదు నిమిషాలు, అరవైకి ఐదు గంటలు. ఇక్కడే మల్టీకాస్ట్ అక్కరకొస్తుంది. సర్వర్ డేటాను ఒక్కసారే పంపుతుంది, అందరూ ఒకేసారి వింటారు. ఒక్క సిస్టమ్‌కు పట్టే సమయంలోనే అరవై పూర్తవుతాయి. క్లోన్‌జిల్లా సర్వర్, ఫాగ్ ప్రాజెక్ట్ రెండూ దీన్ని ఉచితంగానే ఇస్తాయి. పెన్‌డ్రైవ్ కూడా అక్కర్లేదు, సిస్టమ్‌లు పీఎక్స్‌ఈ ద్వారా నెట్‌వర్క్ నుంచే బూట్ అవుతాయి.

మల్టీకాస్ట్‌కు ఒక బలహీనత ఉంది. అందరిలో నెమ్మదైనవారి వేగమే అందరి వేగం అవుతుంది. గిగాబిట్‌కు తీగలోని నాలుగు జతలూ బాగుండాలి, 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. పదేళ్ల కిందట పరిచిన తీగలో ఎక్కడో ఎలుక కొరికి ఆ రెండూ కాని ఒక జత తెగితే, ఆ సిస్టమ్‌లో నెట్ మామూలుగానే వస్తుంది, బ్రౌజర్ తెరుచుకుంటుంది, ఎవరికీ అనుమానం రాదు. ఇమేజ్ దించే రోజు మాత్రం ఆ ఒక్క సిస్టమ్ వంద మెగాబిట్లకు పడిపోయి మిగతా యాభై తొమ్మిదినీ తనతో పాటు కిందికి లాగుతుంది. మొదలుపెట్టే ముందు స్విచ్ మీది దీపాల రంగు చూసుకుంటే నెమ్మదిగా ఉన్న పోర్టు ఏదో చాలా స్విచ్‌లలో తెలిసిపోతుంది. ఆ సిస్టమ్‌ను పక్కన పెట్టి, చివర్లో పెన్‌డ్రైవ్‌తో చేసుకోవాలి. ఎండాకాలంలో కరెంటు సంగతి చెప్పనే అక్కర్లేదు. స్విచ్‌కూ సర్వర్‌కూ యూపీఎస్ ఉండి సిస్టమ్‌లకు లేకపోతే మధ్యలో పోయినవన్నీ మళ్లీ మొదటికే.

ఇన్ని జాగ్రత్తలకూ విలువ ఉండేది సిస్టమ్‌లన్నీ ఒకే మోడల్ అయినప్పుడే. విడతలవారీగా కొన్న నాలుగు రకాల సిస్టమ్‌లు కలిసిన ల్యాబ్‌లో డ్రైవర్ల గొడవ మొదలవుతుంది. ఎక్స్‌పీ రోజుల్లో డిస్కు కంట్రోలర్ మారితే 7బి నీలి తెర వచ్చేది. ఇప్పటి విండోస్ చాలా హార్డ్‌వేర్‌ను తానే గుర్తుపడుతుంది. అయినా ఇంటెల్ పదకొండో తరం నుంచి వీఎండీ అనే డిస్కు నియంత్రణ ఏర్పాటు ఆన్ చేసి వచ్చే ల్యాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలర్ ‘డ్రైవ్‌లేవీ కనిపించలేదు’ అంటుంది. కొత్త ఎస్‌ఎస్‌డీ పాడైందని వెనక్కి పంపేముందు ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి చూపించాలి. డిస్మ్‌తో ఆ డ్రైవర్‌ను బూట్ ఇమేజ్‌లోనే కలిపేస్తే ఆ తర్వాత ఎప్పుడూ అడగదు. అన్ని మోడళ్ల డ్రైవర్లనూ ఒకే ఇమేజ్‌లో కుక్కడం మాత్రం తెలివైన పని కాదు. మోడల్‌కో ఫోల్డర్ చొప్పున విడిగా పెట్టి, ఇమేజ్ దిగాక తగినవి ఎక్కించుకోవాలి.

ఇమేజ్‌లో ఏం ఉండాలి

తరచూ మారేదాన్ని ఇమేజ్‌లో పెట్టకపోవడం ఒక్కటే ఇక్కడ పట్టుకోవాల్సిన సూత్రం. విండోస్, ఆఫీస్, కంపైలర్లు ఏడాదంతా పెద్దగా మారవు. ఇమేజ్ తీసేనాటి వరకు వచ్చిన అప్‌డేట్లతో సహా అవి లోపల ఉండవచ్చు. బ్రౌజర్, యాంటీవైరస్ తరచూ మారతాయి. వాటిని పాత వెర్షన్‌తో ఇమేజ్‌లో పెడితే, దించిన వెంటనే అరవై సిస్టమ్‌లూ ఒకేసారి అప్‌డేట్లకు ఎగబడతాయి. సిస్టమ్ పేరు, ఐపీ చిరునామా, లైసెన్సు కీ ఏ సిస్టమ్‌కు ఆ సిస్టమ్‌వి. అవి ఎట్టి పరిస్థితుల్లోనూ లోపల ఉండకూడదు.

ఈ లెక్కన చూస్తే ల్యాబ్‌కు సాఫ్ట్‌వేర్లన్నీ కలిపిన బరువైన ఇమేజే సరైనది. సెమిస్టర్‌కు ఒకసారి తీస్తారు, సిస్టమ్‌లు ఒకే మోడల్, సాఫ్ట్‌వేర్ జాబితా ఖాయం. ఆన్‌లైన్ ప్రవేశ పరీక్షలు వచ్చాక దీని అవసరం పెరిగింది. తెలంగాణ ఎంసెట్ 2018లో, జేఈఈ మెయిన్ 2019లో కంప్యూటర్ పరీక్షలుగా మారాక కళాశాలల ల్యాబ్‌లు వేసవిలో పరీక్షా కేంద్రాలయ్యాయి. పరీక్షలకు తగ్గట్టు సిస్టమ్‌లను మార్చి, అవి అయ్యాక మళ్లీ పాత స్థితికి తేవడానికి ఇమేజ్ కంటే సులువైన దారి లేదు. రోజువారీ చిన్న చిన్న మార్పులకు ఇమేజ్‌తో పనిలేదు, రీస్టార్ట్ చేస్తే పాత స్థితికి తెచ్చే డీప్ ఫ్రీజ్ లాంటివి చాలు.

హనుమకొండ చౌరస్తాలోనో కరీంనగర్‌లోనో ఉండే రిపేరు దుకాణం పరిస్థితి దీనికి పూర్తిగా వ్యతిరేకం. రోజుకు వచ్చే నాలుగైదు ల్యాప్‌టాప్‌లలో ఏ రెండూ ఒకలా ఉండవు. అక్కడ ఇమేజ్ వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ. అసలు విండోస్ పెన్‌డ్రైవ్, డిస్కు చెరపని జవాబు ఫైలు, సాఫ్ట్‌వేర్లు వేసే బ్యాచ్ ఫైలు ఉంటే చాలు. విండోస్ 8 కాలం నుంచి కంపెనీ ల్యాప్‌టాప్‌లలో లైసెన్సు కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది కాబట్టి దాన్ని ఇన్‌స్టాలర్ తానే చదువుకుంటుంది. ఇంత సులువైన దారి ఉండగా, ఎక్కడో దొరికిన ‘లైట్’, ‘గేమర్’ ఎడిషన్లను, క్రాక్ చేసిన ఇమేజ్‌లను ఖాతాదారుల సిస్టమ్‌లలో వేయడం అర్థం కాని అలవాటు. తేలిక చేసే పేరుతో అప్‌డేట్లనూ డిఫెండర్ యాంటీవైరస్‌నూ పీకేసిన విండోస్ ఆరు నెలలకు మళ్లీ దుకాణానికే వస్తుంది. అందులో ఎవరు ఏం కలిపారో తెలియదు, యజమాని మాత్రం దాని మీదే బ్యాంకు లావాదేవీలు చేస్తుంటారు. లైసెన్సు నిబంధనల ప్రకారం కూడా, ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్‌ను సొంత ఇమేజ్‌తో మళ్లీ వేసుకునే హక్కు వాల్యూమ్ లైసెన్సు ఉన్న సంస్థలకే ఉంటుంది.

ల్యాబ్‌లోకి దించే ఇమేజ్ బ్యాకప్ కాదన్న మాట కూడా గట్టిగా చెప్పాలి. జనరలైజ్ చేసిన ఇమేజ్‌లో ఎవరి ఫైళ్లూ ఉండవు, ఉండకూడదు. ఇక బ్యాకప్ కోసం తీసిన డిస్క్ ఇమేజ్ ఎక్కడ ఉందన్నది దాన్ని తీయడమంత ముఖ్యం. 2023 జూలై చివర్లో కురిసిన వానలకు నయీంనగర్ నాలా పొంగింది, హంటర్ రోడ్డు పక్క కాలనీలు మునిగాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. కింది అంతస్తులో సిస్టమ్, దాని పక్క సొరుగులోనే బ్యాకప్ డిస్కు ఉన్న చోట రెండూ ఒకే నీటిలో మునుగుతాయి. ఇమేజ్‌ను మరో భవనంలోనో ఇంట్లోనో ఉంచాలి. ఏడాదికి ఒకసారైనా ఖాళీ డిస్కులోకి దించి, తెరుచుకుంటుందో లేదో చూడాలి. క్లోన్‌జిల్లా తీసిన వెంటనే సరిచూసే ఏర్పాటు ఇస్తుంది, తొందరలో దాన్ని దాటేయడం మంచిది కాదు.

ఇప్పుడు ల్యాబ్‌ల ముందున్న అసలు ప్రశ్న విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దానికి సాధారణ మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్ వంటి షరతుల వల్ల 2017కు ముందు కొన్న సిస్టమ్‌లు చాలావరకు విండోస్ 11కు అర్హత పొందవు. ఆ తనిఖీలను దాటవేసే జవాబు ఫైళ్లు ఉన్నాయి కానీ, అలా వేసిన వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీని మైక్రోసాఫ్ట్ ఇవ్వడం లేదు. సి, పైథాన్, జావా, డేటాబేస్ ల్యాబ్‌లకు విండోసే కావాలన్న నియమం లేదు. ఆ సిస్టమ్‌లకు ఉబుంటు ఇమేజ్ ఒకటి తీసి, ఆటోక్యాడ్ లాంటివి నడిపే కొత్త సిస్టమ్‌లకు విండోస్ 11 ఇమేజ్ మరొకటి తీసి, ఒకే క్లోన్‌జిల్లా సర్వర్ నుంచి రెండు గదులకూ దించవచ్చు. రెండూ ఒకే సిస్టమ్‌లో డ్యూయల్ బూట్‌గా కావాలంటే విండోస్‌ను ముందు, ఉబుంటును తర్వాత వేసి, పార్టిషన్లను విడివిడిగా కాక మొత్తం డిస్కును ఇమేజ్ తీయాలి. లేకపోతే బూట్ భాగం దిగకుండా మిగిలిపోతుంది, దించిన సిస్టమ్ తెరుచుకోదు.